‘వెళ్ళొస్తాను’ అనరాదు

గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్నం. పేరు చెబితే అక్కడి ఆసుపత్రి వాళ్ళు నొచ్చుకుంటారు, చెప్పకపోతే పక్క పట్నం వాళ్ళు తమదే అనుకుంటారు. ఎటూ ఎవరో ఒకరు నొచ్చుకునేదే గనక పేరు లేకుండానే కానిద్దాం.

ఆ పట్నంలో ఒక సర్కారు ఆసుపత్రి ఉంది. జబ్బు మనుషులు రావడం, మందు పుచ్చుకోవడం, తగ్గితే ఇంటికి వెళ్ళడం, తిరగబెడితే మళ్ళీ రావడం, ఇలా ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా సాగిపోతోంది. ఇంతలో పై ఆఫీసులో ఒక పెద్దమనిషికి స్నానం చేస్తుండగా ఆలోచన వచ్చింది. జబ్బు తగ్గిన మనిషి ఆసుపత్రికి మళ్ళీ రాడు. అంటే, మళ్ళీ రాని మనిషికి జబ్బు తగ్గినట్టే. అంటే, మనుషుల్ని మళ్ళీ రానివ్వకపోతే రాష్ట్రంలో జబ్బులన్నీ తగ్గిపోయినట్టే. ఈ వాదంలో తప్పెక్కడుందో పట్టుకోగలిగిన వాళ్ళు ఆ ఆఫీసులో లేకపోలేదు గాని, వాళ్ళందరికీ అప్పుడే ప్రమోషన్లు దగ్గరపడ్డాయి. దాంతో ‘పునరాగమన రహిత వైద్యశాల’ అనే పథకం పుట్టింది. పోయినవాళ్ళు పోయినట్టే ఉండే ఆసుపత్రికి ఏటా ఒక వెండి కలశం ఇస్తామన్నారు.

సూపరింటెండెంటు ఆదినారాయణమూర్తిగారికి కలశం అనే మాట వినగానే నిద్ర పట్టలేదు. మర్నాడే గేటు మీదున్న ‘స్వాగతం’ చెరిపించి ‘మళ్ళీ రాకండి’ అని రాయించారు. క్యాంటీను బోర్డు మీద ‘మళ్ళీ మళ్ళీ దయచేయండి’ అని ఉంటే, మళ్ళీ మళ్ళీకి తారు పూయించారు. ఒకసారి చూపించుకుని వెళ్ళినవాళ్ళు అదే జబ్బుతో వస్తే, అది తగ్గినట్టు మా రికార్డులో ఉంది కాబట్టి మీరు పొరబడుతున్నారని నచ్చజెప్పి పంపేవారు. కొందరు తెలివైన వాళ్ళు జబ్బు పేరు మార్చుకుని వచ్చారు. మోకాళ్ళ నొప్పి మనిషి పంటి నొప్పి అని చెప్పుకుని, పన్ను పీకించుకుని, కుంటుకుంటూ ఇంటికి వెళ్ళాడు. అదీ రికార్డులో విజయంగానే పడింది.

అంతా సవ్యంగా సాగుతుండగా తనిఖీ బృందం వచ్చింది. వాళ్ళు గేటు దగ్గర కారు దిగుతుంటే, సరిగ్గా అప్పుడే ఇంటికి వెళ్తున్న ఒక ముసలాయన చేతులు జోడించి, వెళ్ళొస్తామండి బాబూ అన్నాడు. బృందం నాయకుడు అక్కడికక్కడే ఆగిపోయి నివేదికలో ఇలా రాశాడు: ‘రోగి నిష్క్రమణ సమయముననే తాను తిరిగి వచ్చు ఉద్దేశమును బహిరంగముగా ప్రకటించుచున్నాడు. సిబ్బంది వారించుట లేదు. పైపెచ్చు తల ఊపుచున్నారు.’

ఆ దెబ్బతో ‘నిష్క్రమణ వచనం’ అనే నిబంధన వచ్చింది. ఆసుపత్రి విడిచి వెళ్ళేవారు గేటు దగ్గర ‘వెళ్తున్నాను’ అని గాని, ‘పోతున్నాను’ అని గాని మాత్రమే అనాలి. ‘వెళ్ళొస్తాను’ అనరాదు. ‘వస్తాను’ అని అసలే అనరాదు. అన్నవారి నిష్క్రమణ చెల్లదు, మర్నాటిదాకా లోపలే ఉండి మళ్ళీ ప్రయత్నించుకోవచ్చు. ఇది చూసుకోవడానికి దుప్పట్ల స్టోరులో ఉండే భుజంగరావును తెచ్చి, నిష్క్రమణ పర్యవేక్షకుడని పేరుపెట్టి, గేటు దగ్గర కుర్చీ వేశారు. దుప్పట్లు ఇచ్చి పుచ్చుకునే చోట పనిచేసిన మనిషి కావడం వల్ల, పోయినవి తిరిగి రాకపోవడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

అచ్చియ్యమ్మ ఆ ఆసుపత్రికి వచ్చేనాటికి పథకం ఇలా మంచి ఊపు మీద ఉంది.

అచ్చియ్యమ్మకు ఎనభై దాటాయి. ఆవిణ్ణి తీసుకొచ్చిన కూతురు సత్యవేణికీ అరవై నిండాయి. తల్లికి పాదాలు పొంగి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, రాత్రిళ్ళు గోడకు జారబడి కూర్చునే నిద్రపోతోంది. డ్యూటీ డాక్టరు గుమ్మంలోంచే చూసి గ్యాసు అన్నాడు. ఒక బిళ్ళా, ఒక పసుపుపచ్చ ఇంజెక్షనూ రాశాడు. ఒకసారి గుండె మీద గొట్టం పెట్టి చూడండి బాబూ అని సత్యవేణి అడిగితే, గుండె డాక్టరు గురువారం పూట పెద్ద పట్నం నుంచి రైల్లో వస్తాడని, గుండె ఆయన విభాగమని, తాను దానిలో వేలు పెడితే బాగుండదని చెప్పాడు. దాంతో సత్యవేణికి ఇంక ఒకటే ఆలోచన. గురువారం రావాలి, ఆ డాక్టరు తన తల్లి గుండె వినాలి. అంతకు మించి ఆవిడ ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

కాని బుధవారం పొద్దున్నే డిశ్చార్జి అన్నారు. ఆయాసం అలాగే ఉంది కదండీ అంటే, ఆయాసం రోగిదేనని, మంచం మాత్రం ఆసుపత్రిదని చెప్పారు. సత్యవేణి బతిమాలింది, ఒక్కరోజు ఓపిక పట్టమంది. వినేవాళ్ళు లేక, చివరికి తల్లిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని గేటు దాకా తోసుకొచ్చింది. అక్కడ భుజంగరావు కలం మూత తీసి, వచనం పలకమన్నాడు. అచ్చియ్యమ్మకు ఆ మాట అర్థం కాలేదు. వెళ్ళమంటున్నాడని మాత్రం తెలిసింది. రెండు చేతులూ ఎత్తి, ఆయాసపడుతూనే నిండుగా అంది:

“ఎల్లొత్తాను బాబూ. పిల్లాపాపల్తో సల్లగా ఉండు.”

భుజంగరావు కలం మూత పెట్టేశాడు.

“తమరి వచనంలో పునరాగమన సూచన ధ్వనించిందమ్మా. తమరి నిష్క్రమణ చెల్లదు. పోతున్నాను అని ఒక్క మాట అనండి, తలుపు తీస్తాను.”

“ఎందుకు బాబూ పోవడం? నీకేం అపకారం చేశానని?”

“చేశారని కాదమ్మా. నిబంధన.”

“నిబందన్ని పొమ్మను. నేను ఎల్లొత్తాను.”

ఎంత చెప్పినా ఆవిడ నోట ‘పోతున్నాను’ అనే ముక్క ఊడిపడలేదు. చక్రాల కుర్చీ తిరిగి వార్డుకు వెళ్ళింది. అప్పటిదాకా భుజంగరావుతో పోట్లాడదామనుకుంటున్న సత్యవేణికి కారిడారు మధ్యలో తట్టింది, రేపు గురువారం. తల్లి ఒక్క మాట తప్పు పలికినందుకు మంచం దక్కింది. ఆవిడ ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో కుర్చీ తోసింది.

నిజానికి ఆ మాట విషయంలో సత్యవేణి తల్లికన్నా రెండాకులు ఎక్కువే చదివింది. ఆవిడ ఇంట్లోంచి ఎవరు కదిలినా ‘వస్తాను’ అనాల్సిందే. గ్యాసు బండ తెచ్చినవాడు ఊరికే వెళ్ళబోతే వెనక్కి పిలిచి మరీ అనిపిస్తుంది. మొగుడు లారీ నడిపేవాడు. ఒక తెల్లవారుజామున తొందరలో, పోతన్నానే అని గుమ్మంలోంచి ఒక్క కేక వేసి వెళ్ళాడు. ఆ తరవాత లారీ వచ్చింది గాని ఆయన రాలేదు. వస్తానని ఉంటే వచ్చి ఉండేవాడని ఆవిడ అనుకుంటుంది. అందులో అర్థం లేదని ఆవిడకూ తెలుసు. తెలుసుకున్నంత మాత్రాన భయాలు పోయేటట్టయితే లోకంలో ఇంత భయమెందుకుంటుంది? అందుకని తల్లితో పోతున్నాను అనిపించే పని ఆవిడ చేయదలుచుకోలేదు. అలా అంటే ఇల్లు చేరతారన్నా, అలా అంటే కలశం ఇస్తామన్నా.

ఆ సాయంత్రం సూపరింటెండెంటుగారే వార్డుకు వచ్చి శిక్షణ తరగతి పెట్టారు. మంచాల మీద అందర్నీ కూర్చోబెట్టి, పలకా బలపం లేని బడి నడిపారు.

“అనండి. వెళ్-తు-న్నా-ను.”

అందరూ అన్నారు. తరగతిలో బాగానే పలుకుతున్నారు, గేటు దగ్గరికి వెళ్ళేసరికి నాలిక తిరగబడుతోందని భుజంగరావు విన్నవించాడు. సూపరింటెండెంటుగారు అరగంటసేపు ఉపన్యసించారు. తిరిగి వస్తాననడం రోగి తన ఆరోగ్యం మీద తానే అవిశ్వాస తీర్మానం పెట్టుకోవడమన్నారు. నాగరిక దేశాల్లో మనుషులు వెళ్ళడమే గాని రావడం ఉండదన్నారు. చివర గడియారం చూసుకుని, లేచి, అందరికీ నమస్కారం పెట్టి, “సరేనమ్మా, ఇక నేను వస్తాను” అన్నారు.

భుజంగరావు అలవాటు కొద్దీ కలం మూత తీశాడు. సూపరింటెండెంటుగారు ఒక్క క్షణం తడబడి, అది సిబ్బంది అప్రమత్తతను పరీక్షించడానికి తాము బుద్ధిపూర్వకంగా చేసిన ప్రయోగమని ప్రకటించారు. అనుమానం ఎవరికీ మిగలకూడదని, నిబంధన ఆ క్షణం నుంచి రోగులకే గాక గేటు దాటే ప్రతి ప్రాణికీ వర్తిస్తుందని నోటిమాటగా ఉత్తర్వు వేశారు. సక్రమంగా వెళ్ళినవారు వెళ్ళినట్టే, వారు మళ్ళీ రావడం పునరాగమనం కిందే లెక్క అని కూడా కలిపారు. ఆ ఊపులోనే ఇంటికి బయలుదేరి, గేటు దగ్గర రోజూ అనేటట్టే, “వస్తానోయ్ భుజంగం” అన్నారు. నిష్క్రమణ చెల్లలేదు. ఆ రాత్రి ఆయన తమ గదిలో బల్ల మీదే పడుకున్నారు.

గురువారం గుండె డాక్టరు మస్తాన్‌గారు వచ్చారు. మనిషి మంచివాడు, ఓపికస్తుడు, కాని ఆయన రైలుకు ఓపిక లేదు. వార్డులో ఈ చివర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి గుండే వింటూ వస్తున్నారు. అచ్చియ్యమ్మ ఆ చివర ఉంది. సత్యవేణి తల్లి జుట్టు దువ్వి, రవిక పైగుండీ విప్పి సిద్ధంగా కూర్చోబెట్టింది. ఇంకో నాలుగు మంచాలు దాటితే వచ్చేస్తారనగా ఆయన గడియారం చూసుకుని ఉలిక్కిపడి సంచీ సర్దారు. వచ్చే వారం ముందు మీ అమ్మగారినే చూస్తానమ్మా అని పరుగు లాంటి నడకతో వెళ్ళిపోయారు. గేటు దగ్గర, నేను వెళ్తున్నాను, రైలు టైమైపోయింది అన్నారు. తొందరలో ఉన్న మనిషి కనక మాట సరిగ్గా పడింది. ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా పలికినందుకు భుజంగరావు ఆయన్ని మెచ్చుకున్నాడు.

ఆ మెచ్చుకోలు అర్థమేమిటో ఆసుపత్రికి ఆ వారంలోనే తెలిసొచ్చింది. ‘వెళ్తున్నాను’ అని చక్కగా పలికి వెళ్ళిన తుడిచే మనిషిని మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. మందుల గది చూసే ఆయనా అలాగే బయట ఉండిపోయాడు, తాళాలగుత్తితో సహా. డ్యూటీ డాక్టరు నిష్క్రమణ వచనాన్ని ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడంటే, మొదటి రోజే వెళ్ళిపోయి ఇంట్లో హాయిగా ఉన్నాడు. పాపం, నోరు జారి ‘వస్తా’ అన్న నర్సు ఎస్తేరు మాత్రం లోపలే ఉండి, అందరి పనీ తనే చేస్తోంది. ఇలా ఆ ఆసుపత్రిలో పనివాళ్ళు రెండు రకాలయ్యారు. నిబంధన పాటించినవాళ్ళు లోపలికి రాలేరు, పాటించనివాళ్ళు బయటికి పోలేరు.

సూపరింటెండెంటుగారికి మాట సరిగ్గా పలకడం ఇప్పుడు బాగానే వచ్చు. కాని పలికితే మళ్ళీ ఆ కుర్చీ ఎక్కలేరు. అందుకని రోజూ సాయంత్రం గేటు దాకా వచ్చి, కాసేపు నిలబడి, “వస్తాను” అని కావాలనే అని, వెనక్కి వెళ్ళేవారు. ఆయన భార్య గేటు ఊచల్లోంచి క్యారియరు గిన్నె తరవాత గిన్నె అందించేది. ఇంటికి ఎప్పుడొస్తారండీ అని ఆవిడ అడిగితే, ‘వచ్చు’ అనే క్రియను గేటు దగ్గర వాడవద్దని ఆయన గుసగుసగా మందలించేవారు.

ఈ వేడుకంతా వార్డులో వాళ్ళకు కాలక్షేపంగానే ఉంది. సత్యవేణికి మాత్రం నవ్వు రావడం మానేసింది. తల్లి పాదాల వాపు మోకాళ్ళ దాకా ఎక్కింది. రెండు దిండ్లు చాలక మూడోది అడిగి తెచ్చింది. రాత్రి పూట ఆ గురక లాంటి ఊపిరి వింటూ, అది ఆగిన ప్రతిసారీ తన ఊపిరి బిగబట్టి కూర్చునేది. బస్సెక్కించి పెద్ద పట్నం తీసుకుపోదామంటే మనిషి నాలుగడుగులు వేసే స్థితిలో లేదు. అంబులెన్సు అడిగితే, వచనం పలికిన రోగులకే అంబులెన్సు అన్నారు. గురువారం దాకా ఆగే అమ్మా అని చెవిలో చెప్పేది. ఎక్కడికెల్తానే, నన్ను బయటికి ఒదిలితే గదా అని తల్లి ఎగశ్వాసలోనే నవ్వేది.

గురువారం వచ్చింది. పదైనా డాక్టరు మస్తాన్‌గారు వార్డులోకి రాలేదు. సత్యవేణి కారిడారు చివర కిటికీలోంచి చూస్తే, ఆయన సంచీ పట్టుకుని గేటుకు అవతల నిలబడి ఉన్నారు. ఇవతల భుజంగరావు ఆయనకు వినయంగా చెబుతున్నాడు: “తమరు పోయినవారం సంపూర్ణంగా వెళ్ళారండీ. తమరు లోపలికొస్తే మన రికార్డులో మొట్టమొదటి పునరాగమనం అవుతుంది. కలశం పోతుందండీ.”

డాక్టరుగారు ముందు నవ్వారు, తరవాత కోప్పడ్డారు, ఆ తరవాత గడియారం చూసుకున్నారు. ఆ గడియారం చూపు సత్యవేణికి తెలుసు. ఆవిడ ఇంక ఎవర్నీ ఏమీ అడగలేదు. వార్డుకు పరిగెత్తి, ఎస్తేరు సాయంతో తల్లిని చక్రాల కుర్చీలో దింపి, ఆ కుర్చీని గేటు ఊచలకు తగిలేదాకా తోసుకెళ్ళి ఆపింది.

“ముందు మా అమ్మనే చూస్తానని పోయినవారం అన్నారు బాబూ. తెచ్చాను.”

డాక్టరుగారు అచ్చియ్యమ్మ మొహం చూశారు, మెడ నరాలు చూశారు. గొట్టం చెవులకు తగిలించుకుని, దాని చివరనున్న బిళ్ళను ఊచల సందులోంచి లోపలికి పెట్టి ఆవిడ గుండె మీద ఆనించారు. ఊపిరి పీల్చండి పెద్దమ్మా, వదలండి అన్నారు. గేటుకు ఇటు ఒకరు, అటు ఒకరు, మధ్యలో నల్లటి రబ్బరు గొట్టం. సత్యవేణి ఊపిరి కూడా దాంతోపాటే ఆడింది.

భుజంగరావు గాభరాపడ్డాడు. గొట్టం లోపలికి వచ్చిందంటే డాక్టరు పాక్షికంగా వచ్చినట్టేనా అని సూపరింటెండెంటుగారికి కబురు పంపాడు. ఆయన మెట్ల మీద నిలబడి ఆలోచించి, డాక్టరు వినేది చెవులతోనని, చెవులు గేటు బయటే ఉన్నాయి గనక డాక్టరు రానట్టేనని తేల్చారు. ఇంతలో డాక్టరుగారు పాదం చూడాలన్నారు. సత్యవేణి తల్లి కాలెత్తి ఊచల్లోంచి బయటికి చాపించింది. ఆయన బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట పడ్డట్టే ఉండిపోయింది. వచనం లేకుండా కాలు నిష్క్రమించిందని భుజంగరావు గొణిగాడు.

“గ్యాసు కాదమ్మా ఇది. గుండె అలిసిపోయింది, ఒళ్ళంతా నీరు చేరింది. ఇన్నాళ్ళూ ఒక్కరైనా చెవి పెట్టి వినలేదా?”

ఆయన అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని మందు రాశారు. మందుల గది తాళం రోడ్డవతల టీ తాగుతోంది గనక, ఎదుటి షాపువాడే బిళ్ళలు తెచ్చి ఊచల్లోంచి అందించాడు. అది చూసి వార్డులో కదలగలిగిన వాళ్ళంతా గేటు దగ్గరికి వరస కట్టారు. టీ కొట్టువాడు స్టూలు వేశాడు. డాక్టరుగారు రోడ్డు మీద కూర్చుని అందరి గుండెలూ విన్నారు. ఆ పూట ఆయన రైలు ఆయన లేకుండానే వెళ్ళిపోయింది.

బిళ్ళలు పడ్డ రాత్రే అచ్చియ్యమ్మ ఒంటేలుకని ఎన్నిసార్లు లేచిందో లెక్కలేదు. లేచిన ప్రతిసారీ సత్యవేణికి పండగే. నాలుగు రోజులు గడిచేసరికి పాదాల్లో ఎముకలు కనబడ్డాయి, ఒక దిండు మీద తల పెట్టి పడుకుంది, పడుకున్నాక గురక కూడా మామూలు గురకే పెట్టింది. ఇంటికెళ్దామే, కాకరపాదు ఎండిపోయుంటాది అని పోరు పెట్టడం మొదలుపెట్టింది. ఎస్తేరు డాక్టరుగారికి ఫోను చేస్తే, తీసుకెళ్ళవచ్చన్నారు. గురువారం మాత్రం మళ్ళీ తప్పకుండా చూపించాలన్నారు. ఆ మాట ఎస్తేరు తల్లీకూతుళ్ళిద్దరికీ చెవిలోనే చెప్పింది.

అదే రోజు పైనుంచి ఇంకో కబురొచ్చింది. ఆ ఆసుపత్రికి తిరిగి వచ్చినవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరట. కలశం వాళ్ళకే వచ్చింది, సూపరింటెండెంటుగారు స్వయంగా వెళ్ళి పుచ్చుకోవాలి. వెళ్తున్నాను అంటే కుర్చీ పోతుంది, వస్తాను అంటే గేటు తీయరు. ఆయన మధ్యాహ్నమంతా తలుపు వేసుకుని ఆలోచించి, చివరికి ‘మౌన నిష్క్రమణ’ కనిపెట్టారు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనకుండా తలవంచుకుని గేటు దాటవచ్చు. అనలేదు గనక వెళ్ళినట్టూ కాదు, రానన్నట్టూ కాదు.

సత్యవేణి తల్లిని గేటు దగ్గరికి తీసుకొచ్చేసరికి ఆ ఊరేగింపు నడుస్తోంది. ముందు సూపరింటెండెంటుగారు, ఆయన వెనక గుమాస్తాలు, ఆ వెనక మిగిలిన సిబ్బంది, ఒక్కొక్కరే తలలు వంచుకుని, ఎవరి మొహమూ ఎవరూ చూడకుండా, ఒక్క మాటైనా లేకుండా గేటు దాటిపోతున్నారు. అచ్చియ్యమ్మ కుర్చీ ఆపమంది. ఆవిడ తన జన్మలో అలా చెప్పాపెట్టకుండా మనుషులు వెళ్ళిపోవడం ఒకే ఒక రకం ఇళ్ళల్లో చూసింది. కొంగు సర్దుకుని, చెయ్యి చాపి భుజంగరావు ముంజేయి పట్టుకుంది.

“ఎవరు పోయారు నాయనా?”

భుజంగరావు గేటు వైపు చూశాడు, ఖాళీ అయిన మెట్ల వైపు చూశాడు.

“ఇంకా ఉత్తర్వులు రాలేదమ్మా.”

“ధైర్యంగా ఉండు బాబూ. ఏమన్నా తిన్నావా?”

తినలేదని ఆయన తల అడ్డంగా ఊపాడు. నిష్క్రమణ పర్యవేక్షకుడైన దగ్గర్నుంచి ఆయనతో అంత మెత్తగా మాట్లాడినవాళ్ళు లేరు కాబోలు, కలం జేబులో పెట్టేసుకున్నాడు. అచ్చియ్యమ్మ కాసేపు ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది. సత్యవేణి చూపు మాత్రం గేటు మీదే ఉంది. తల్లి నోరు మూసుకుంటే చాలు, గేటు తీసే ఉంది. నోరు మూసుకునే మనిషి కాదే.

“ఎవరూ పోకపోతే సంతోసమే. అయితే నేను ఎల్లొత్తాను నాయనా.”

“మంచిదమ్మా. జాగ్రత్తగా వెళ్ళి రండి” అన్నాడు భుజంగరావు.

అనేశాక గాని ఆయనకు తెలియలేదు. ఆయన చెయ్యి జేబులోని కలం మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది. సత్యవేణి కుర్చీని ఒక్క ఊపున గేటు దాటించింది. తల్లిని ఆటోలో ఎక్కించి, పక్కన కూర్చుని, చాలా దూరం వచ్చాక గాని వెనక్కి తిరిగి చూడలేదు.

“విన్నావా అమ్మా? వెళ్ళి రమ్మన్నాడే.”

“అనక ఏం చేత్తాడే?” అంది అచ్చియ్యమ్మ, కాళ్ళు బారజాపుకుంటూ. “గురువారం రావొద్దూ?”